మాస్టారి అమ్మాయి చదివే బడి

నా ఓటు ఇంకా మా ఊళ్ళోనే ఉంది. రాజమండ్రికి మార్పించుకోమని మావారు ప్రతి ఎన్నికలకీ పోరుతూనే ఉంటారు, నేను తలూపి మరిచిపోతూనే ఉంటాను. మొన్న కూడా అలాగే బస్సెక్కి, కాలవ గట్టు మీద దిగి, పోలింగు ఎక్కడని అడిగితే పాత బళ్ళో అన్నారు. మా రోజుల్లో దాన్ని ఉత్త బడి అనేవారు. ఇప్పుడది ఎన్నికలకీ, పోలియో చుక్కలకీ తప్ప తాళం తీయని పాత బడి అయింది. చివర్లో మిగిలిన నలుగురు పిల్లలూ ఇటుక బట్టీల పనికి వలస వచ్చినవాళ్ళ పిల్లలట, వాళ్ళని పక్కూరి బళ్ళో కలిపేశారు. మేము మూడో తరగతిలో కూర్చున్న మూలనే అట్ట అడ్డం పెట్టి ఓటింగు మిషను ఉంచారు. నా పేరు పిలిస్తే చిన్నప్పటి అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని నిలబడబోయి, సిగ్గుపడి వేలు చాపాను.

ఆ బడికి మా నాన్నగారు హెడ్మాస్టారు. హెడ్మాస్టారంటే మీరు పెద్ద గదీ, బల్లా, బంట్రోతూ ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా, అయిదు తరగతులు, వాటికి ఇద్దరు మనుషులు, నాన్నగారూ, రోజూ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చే టీచరు గారూను. ఒక తరగతికి చూచిరాత పెట్టి, రెండోదానికి లెక్కలిచ్చి, మూడోదానికి పాఠం చెబుతూ ఆ ఇద్దరూ గదికీ వరండాకీ మధ్య తిరుగుతూనే ఉండేవారు. పొద్దున్నే ముందు వచ్చినవాళ్ళు ఊడవాలి, తరవాత వచ్చినవాళ్ళు మంచినీళ్ళ కుండ నింపాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళు ప్రార్థనలో ముందు వరసలో నిలబడి గొంతెత్తి పాడాలి. కొట్టే అలవాటు నాన్నగారికి లేదు గనక శిక్షలన్నీ ఇలాగే ఉండేవి. శనివారం మధ్యాహ్నం బొగ్గూ దొండాకూ నూరి నల్లబల్లకి పూసేవాళ్ళం, పనిలో పనిగా మా పలకలకీ, పక్కవాళ్ళ మొహాలకీ కూడా. బళ్ళో నేను ఆయన్ని నాన్నగారూ అనకూడదు, అందరిలాగే మాస్టారండీ అనాలి. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చి, ఒకసారి మాస్టారండీ, అన్నానికి రమ్మంటోందండీ అమ్మ అన్నాను. అమ్మ నవ్వలేక చచ్చింది. మా ఇంట్లో అమ్మ అంతలా నవ్వడం ఆ రోజుల్లోనే.

గిద్దలూ సోలలూ తవ్వలూ మా లెక్కల పుస్తకంలో లేవు. అయినా నాన్నగారు వాటిని మా ఇళ్ళ నుంచే తెప్పించి, వరండా ముందు ఇసుక పోయించి, నాలుగు గిద్దలకి సోల నిండుతుందో లేదో మమ్మల్నే కొలుచుకోమనేవారు. పైకి గోపురంగా పొయ్యాలా, అంచుకి సమంగా తలకొట్టి పొయ్యాలా అని మాలో మాకు తగువులయ్యేవి. ఆ తగువుల్లోనే సగం అంటే ఏంటో, పావు అంటే ఏంటో ఎప్పుడు వచ్చేసిందో తెలియకుండా వచ్చేసింది. ఈనాటికీ నాకు భిన్నాలంటే భయం లేదంటే ఆ ఇసుక చలవే.

అప్పటికే, అంటే తొంభైల్లో, పక్క టౌన్లో కాన్వెంటు వెలిసింది. మే నెలాఖరుకే వాళ్ళ మనుషులు రంగు కాగితాలు పట్టుకుని మా ఊళ్ళో ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలు తగ్గితే పైవాళ్ళు రెండో పోస్టు తీసేస్తారు, ఒక్క మాస్టారితో అయిదు తరగతులు నడవవు, నడవని బడికి ఉన్నవాళ్ళు కూడా రారు. నాన్నగారి దిగులంతా అదే. అందుకని బడి తెరవడానికి ముందు ఆయనా వీధి వీధీ తిరిగేవారు. ఆయన దగ్గర రంగు కాగితాలు లేవు. నేనున్నాను.

ఇస్త్రీ చేసిన పరికిణీ కట్టించి, రెండు జడలు వేయించి, నా చెయ్యి పట్టుకుని బయల్దేరేవారు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు. కాలవకి నీళ్ళు ఎప్పుడు వదులుతారు, నారుమళ్ళు ఎప్పుడు పోస్తారు అని కాసేపు మాట్లాడి, పదమూడో ఎక్కం చెప్పమ్మా అనేవారు నాన్నగారు. నేను ఊపిరి పీల్చుకోకుండా చెప్పేసేదాన్ని. ఇంటివాళ్ళు మెచ్చుకునేవారు గానీ, వాళ్ళు ఆఖర్న అడిగే మాట వేరే ఉండేది. మీ అమ్మాయిని మీ బళ్ళోనే ఉంచుతారుగా మాస్టారూ అని. ఉంచుతానండి అనగానే, అయితే మావాణ్ణి రాసేసుకోండి అనేవారు. ఎక్కం వచ్చినా రాకపోయినా ఆ బడికి పూచీ నేనే. ఆ సంగతి నాకప్పుడు తెలియదు, మజ్జిగతో పాటు తాండ్ర ముక్క కూడా పెడతారని మాత్రం తెలుసు.

నా మూడో తరగతి అయిన వేసవిలో అమ్మ నన్ను తీసుకుని రాజమండ్రిలో పిన్ని ఇంటికి వెళ్ళింది. ఒక సాయంత్రం బాబాయి ఆఫీసు నుంచి ఎవరో పెద్దాయన వచ్చి, నీ పేరేంటి, ఏం చదువుతున్నావు అని నన్ను ఇంగ్లీషులో అడిగారు. అర్థమైంది, కానీ నోరు పెగల్లేదు. నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన పిన్ని కొడుకు గలగలా వాడి పేరూ క్లాసూ చెప్పేసి, నా పేరు కూడా వాడే చెప్పాడు. పెద్దాయన పాపం మంచివారే, ఫరవాలేదమ్మా అని నా తల నిమిరారు. ఆ నిమరడం అమ్మకి చెంపదెబ్బలా తగిలింది. మర్నాడే నన్ను తీసుకుని తిరుగు బస్సెక్కింది. ఇంటికొచ్చి, నాన్నగారికి కంచంలో అన్నం వడ్డించి, అప్పుడంది.

"మీ బడి నిలబెట్టడానికి నా పిల్లే దొరికిందా అండీ మీకు? ఊళ్ళో పిల్లలందరికీ మాస్టారే. దీనికి తండ్రి ఎప్పుడవుతారు?"

నాన్నగారు అన్నం కలుపుతూ అలాగే ఉండిపోయారు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది, కోప్పడినా సరే. నాలుగు రోజుల తరవాత ఒక పొద్దున్న నాన్నగారు సైకిలెక్కి టౌనుకి వెళ్ళి కాన్వెంటులో నా పేరు రాయించి వచ్చారు. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే వెళ్ళనని చెప్పేదాన్ని.

ఆ జూన్‌లో నాన్నగారు నన్ను పిలవకుండానే బయల్దేరారు. నేనే అలవాటు కొద్దీ చెప్పులేసుకుని వెనకాల పరిగెత్తాను. ఇంటికి పొమ్మని అనలేదు, చెయ్యి మాత్రం పట్టుకోలేదు. మొదటి ఇల్లు ఊళ్ళో పేరున్న రైతుగారిది, ఆయన ఏ బడి అంటే ఆ వీధి వీధంతా అదే బడి. ఆ ఏడు ఆయన మనవణ్ణి ఒకటో తరగతిలో వెయ్యాలి. మేమింకా అరుగెక్కకుండానే ఆయన నన్ను చూసి నవ్వారు.

"రండి మాస్టారూ. మళ్ళీ ఆ పిల్లచేత ఎక్కం చెప్పించడం దేనికండి? మీ అమ్మాయే మీ బళ్ళో చదువుతుంటే మాకింక అడగడానికేముంది? రాసేసుకోండి మావాణ్ణి."

నాన్నగారు జేబులోంచి కలం తీశారు. మూత విప్పారు. ఆయన ఏమీ అబద్ధం ఆడనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఆ పేరు రాసుకుంటే సాయంత్రానికి ఆ వీధి పిల్లలందరి పేర్లూ వచ్చేవి, టీచరు గారి పోస్టు ఇంకో ఏడాది నిలిచేది. కలానికి మళ్ళీ మూత పెట్టేశారు.

"లేదండి. అమ్మాయి ఈ ఏడు కాన్వెంటుకి వెళ్తోందండి. మీకు చెప్పకుండా రాసుకోకూడదు కదండి."

రైతుగారు కోప్పడలేదు, ఎగతాళి చెయ్యలేదు. కాసేపు నన్నూ, కాసేపు వీధినీ చూసి, "అలాగాండి. అయితే చూద్దాం లెండి, కోడలిపిల్లని కూడా ఓ మాట అడగాలి కదండి" అన్నారు. మజ్జిగ ఇచ్చారు, ఎప్పుడూ లేనిది గేటు దాకా వచ్చి సాగనంపారు. మా వైపు కాదనే మాటని కూడా అండీ లేకుండా అనరు. మిగతా ఇళ్ళకి మాకంటే ముందే కబురు వెళ్ళిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, మాస్టారు ఇంట్లోనే ఓడిపోయారని ఎవరో అన్నారట, టీచరు గారు చాలా రోజుల తరవాత అమ్మకి చెప్పారు. తిరిగి వస్తూంటే గట్టు మీద నాన్నగారు నా చెయ్యి పట్టుకున్నారు. నాకెందుకో ఏడుపొచ్చింది.

కాన్వెంటులో నన్ను ఇంగ్లీషు రాదని మళ్ళీ మూడో తరగతిలోనే కూర్చోబెట్టారు. చూశారా, నేను చెప్పలేదా అంది అమ్మ. తెలుగు మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు, మొదటి ఏడాది నా మోకాళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. రైతుగారి మనవడు కూడా మా వ్యానే ఎక్కాడు, చోటు చాలక నా ఒళ్ళోనే కూర్చునేవాడు. వ్యాను సరిగ్గా ప్రార్థన వేళకి బడి ముందు నుంచి వెళ్ళేది. వరసలో నా జతగత్తె, బుట్టలో చేపలు అమ్మేవాళ్ళమ్మాయి, కళ్ళు మూసుకోకుండా నన్నే చూస్తూ పాడేది. నాన్నగారు మాత్రం కళ్ళు తెరిచేవారు కాదు. నేను టై మీద చెయ్యి పెట్టి దాచుకునేదాన్ని, ఎందుకు దాచుకునేదాన్నో ఇప్పుడు తెలుస్తోంది. మరుసటేడు ఊళ్ళోకి రెండో వ్యాను వచ్చింది. ఆ పై ఏడు రెండో పోస్టు పోయింది, టీచరు గారు బదిలీ మీద వెళుతూ అమ్మని కావలించుకుని ఏడ్చారు. నాన్నగారు ఒక్కరే అయిదు తరగతుల మధ్యా తిరుగుతూ ఉండిపోయారు. అమ్మని గానీ నన్ను గానీ ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

పదో తరగతిలో మా కాన్వెంటు మొత్తానికి నాకే మొదటి మార్కులు వచ్చాయి. ఆ జూన్‌లో బడి తెరిచిన రోజున నాన్నగారు పెద్ద డబ్బా నిండా కాజాలు కొని, మా అమ్మాయి ఫస్టు వచ్చిందర్రా అని తన బళ్ళో పిల్లలకి పంచారు. ఒక్కొక్కరికి రెండేసి పెట్టారట, మళ్ళీ పిలిచి ఇంకో రెండేసి కూడా పెట్టారట. సాయంత్రం సగం డబ్బా తెచ్చి అమ్మ చేతికిచ్చారు. ఇన్నెందుకు మిగిలాయని అమ్మ అడగలేదు. డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

అమ్మ చేసింది తప్పని నేననలేను. ఆ ఇంగ్లీషు వల్లే నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, మా పిల్లల్ని కూడా ఇంగ్లీషు మీడియంలోనే వేశాను. నాన్నగారు ఆ బళ్ళోనే రిటైరై, అది మూతపడటం చూడకుండానే వెళ్ళిపోయారు, అదొక్కటే నయం. ఇప్పుడు మా ఊరికి పొద్దున్నే పసుపు బస్సులు బారులు తీరి వస్తాయి, తొమ్మిది దాటితే వీధుల్లో ఒక్క పిల్ల గొంతు వినపడదు. జూన్ వస్తే ఏ మాస్టారూ ఏ అరుగూ ఎక్కనక్కర్లేదు. బడి మూసేసినప్పుడు ఊళ్ళో ఎవరూ కిమ్మనలేదని ఓటు వేసి వస్తూంటే విన్నాను. ఒళ్ళు మండింది. ఒక్కరైనా ఇదేంటండి అని ఎందుకు అడగలేదని ఎవరినైనా నిలదీద్దామనిపించింది. అడగాలంటే ఆ బళ్ళో సొంత పిల్ల ఉండాలి కదా. మాస్టారి పిల్లే లేదు.