రెండో బోటు

మా ఆయన ఆత్మకూరులో సిమెంటు అమ్ముతాడు. మా అన్న ఉదయగిరిలో సిమెంటు అమ్ముతాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ డీలర్‌షిప్. ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. మధ్యలో నేను.

మాటలు లేకపోయినా పనులు ఆగలేదు. ఒక చోట స్టాకు అయిపోతే రెండో చోటు నుంచి లోడు రావాలి. పొద్దున్నే మా అన్న నాకు ఫోన్ చేసేవాడు, "మ్మే, బావకు చెప్పు, రేపు బండి పంపిస్తుండానని." మా ఆయన నా పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ, స్పీకర్లో ఆ మాట తన చెవులతో విని, నేను చెప్పేదాకా ఆగి, అప్పుడు "సరేనని చెప్పు" అనేవాడు. నేను చెప్పేదాన్ని. చుట్టాలింట్లో ఒకే బల్ల మీద కూర్చోవాల్సి వచ్చినా ఇదే వరస. "మంచినీళ్లు గావాల్నేమో అడుగు." "వద్దని చెప్పు." అక్కడ నేను లేకపోతే గోడకు చెప్పుకునేవాళ్లు. మా వైపు మాటల్లేనివాళ్లు గోడకు చెప్తారు, దూడకు చెప్తారు, ఎదుటివాడు వింటాడు. అది మాట్లాడిన కిందికి రాదు, పౌరుషానికి లోటు లేదు.

ఇంతకూ తగాదా దేనికంటే భోజనానికి. మా అన్న ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసిన రోజు మా ఆయన లోడు దింపించి ఆలస్యంగా బయల్దేరాడు. నేను ముందురోజే వెళ్లాను. దారిలో బండి టైరు పంక్చరైంది. ఆయన చేరేసరికి మొదటి బంతి లేచింది. ఇంటి అల్లుణ్ణి రెండో బంతిలో కూర్చోబెట్టారు. అంతవరకైనా సర్దుకునేవాడేమో. వడ్డించేవాడొచ్చి ఓళిగలు అయిపోయినాయన్నాడు. మా ఆయన ఆకు మడిచి, లేచి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా బండి ఎక్కాడు. ఆ మౌనాన్ని ఇద్దరూ కలిసి ఆరేళ్లు జాగ్రత్తగా పెంచారు.

ఆ తర్వాత నేను పుట్టింటికి పోయిన ప్రతిసారీ పోస్టుమాన్ లాగే పోయాను. పొద్దున బస్సుకు వెళ్లి, మా ఆయన చెప్పింది అన్నకు అప్పజెప్పి, అన్న చెప్పింది మూటగట్టుకుని, సాయంత్రం బస్సుకు తిరిగి రావడమే. నాకు కావలసింది పెద్దదేం కాదు. చేరవేయాల్సిన మాట ఏదీ నెత్తిన లేకుండా పోయి, మా వదిన పెట్టింది తిని, మధ్యాహ్నం ఆ ఇంట్లో చాప మీద ఒళ్లెరగకుండా నిద్రపోవాలి. అంతే. ఆరేళ్లలో ఒక్క పూటా కుదరలేదు.

ఇలా ఉండగా ఇద్దరూ ఒకే ఏడాది టార్గెట్ కొట్టారు. కంపెనీ వాళ్లు డీలర్లకు పోర్చుగల్ టూరు ఇచ్చారు. మా ఆయన వెంట నేను. మా వదిన మాత్రం విమానం ఎక్కనంది. "కాళ్ల కింద నేల లేకుండా అంతసేపు నా వల్ల గాదు, నువ్వు పో" అని మా అన్నకు పచ్చళ్లు కట్టి పంపింది. విమానంలో ఒకరు ముందు, ఒకరు వెనక. నేను నడవలో తిరుగుతూనే ఉన్నాను.

పోర్టో అనే ఊళ్లో దింపారు. ఒకరోజు కంపెనీ మనిషి వచ్చి, రేపు ఒక పూట మీ ఇష్టం అన్నాడు. డీలర్లంతా మాల్‌కు పోతామన్నారు. లేదంటే చిన్న వ్యాన్‌లో కొద్దిమందిని అవైరో అనే కాలవల ఊరికి తీసుకుపోయి చూపించి తెస్తారట. కాలవ అనగానే మా అన్న పేరిచ్చేశాడు. ఉదయగిరి మనిషి కదా, కాలవ వస్తుందన్న మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు, చూసింది మాత్రం తక్కువ. మా ఆయనా పేరిచ్చాడు. ఆయనకు మా ఊరి దగ్గర సోమశిల డ్యామ్ కాలవ ఉంది, దాంతో పోల్చి ఇది తక్కువని తేల్చడానికి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తెల్లారి వ్యాన్ దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.

నాకు ఒళ్లు మండింది. "ఇదిగో, ఇద్దరూ వినండి. ఈ పూట నేను సెలవు. ఆయన మాట నీకు చెప్పను, నీ మాట ఆయనకు చెప్పను. కాలవ చూసేదానికి పోతుండా, కాలవే చూస్తా" అని ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వ్యాన్‌లో మాతోపాటు ఏ దేశం వాళ్లో, ముసలి దంపతులు, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. ముందు సీట్లో గైడు, సన్నగా పొడుగ్గా నవ్వు మొహంతో ఉన్న అమ్మాయి.

పది నిమిషాలు కూడా కాలేదు. వెనక సీటు నుంచి మా అన్న, "మేడమ్, టెల్ హిమ్, విండో క్లోజ్" అన్నాడు. ఆ పిల్ల మర్యాదగా మా ఆయన వైపు తిరిగి కిటికీ మూయమని అడిగింది. మా ఆయన, "మేడమ్, టెల్ హిమ్, నో గాలి" అన్నాడు. ఆ పిల్ల తల తిప్పి, గాలి అంటే ఏమిటో తెలియకపోయినా, "నో గాలి" అని మా అన్నకు చేరవేసింది. ఆరేళ్ల నా ఉద్యోగం ఆమె ఇంత సులువుగా అందుకోవడం చూసి నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

కాసేపయ్యాక ఆమె నా వైపు వంగి, వీళ్లిద్దరివీ వేరే వేరే భాషలా అని అడిగింది. ఒకటే భాష అన్నాను. మరి? అంది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, మా ఆయన రెండో బంతిలో భోంచేయాల్సి వచ్చిందని. ఎప్పుడు అంది. ఆరేళ్లయింది అన్నాను. ఆమె ఆలోచించి, భోజనం బాగాలేదా అంది. భోజనం బాగుంది, స్వీటు అయిపోయింది అన్నాను. "ఓ" అంది చాలా గంభీరంగా. ఆ దేశంలో కూడా అర్థమయ్యే సంగతే అన్నమాట.

ఊరు అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి. నడి ఊళ్లో కాలవ, రెండు వైపులా ఇళ్లు, నీళ్ల మీద ముక్కు పైకి లేచిన పొడుగాటి పడవలు. మా వైపు కొత్త లారీకి వేసే రంగులన్నీ ఆ పడవలకు వేశారు. మా ఆయన మాత్రం ఇళ్ల గోడలు తడుముతున్నాడు. "బాత్‌రూమ్‌లో వెయ్యాల్సిన టైల్స్ బయటేసినారు, ఏందిది?" అని నాతో అన్నాడు. ఆ మాట ఎవరికీ చేరవేయక్కర్లేదు కాబట్టి నేను విన్నాను.

మా అన్న గైడును పట్టుకున్నాడు. ఈ కాలవ కింద ఎన్ని ఎకరాలు పారతాదని అడిగాడు. ఆ ప్రశ్నను నేనే ఇంగ్లీషులో పెట్టాను, అది మా ఆయనకు కాదు కాబట్టి. ఒక్క ఎకరమూ లేదు, ఇవి సముద్రపు ఉప్పునీళ్లు, వెనకటికి ఈ పడవల్లో పాచి ఏరుకొచ్చి చేలకు ఎరువుగా వేసేవాళ్లు, ఇప్పుడు టూరిస్టులే ఎక్కుతారు అందామె. మా అన్న నీళ్ల వైపు చాలాసేపు చూశాడు. "ఒక్క చెట్టు పారని కాలవకు ఇంత ఇదా!" అన్నాడు. మా ఆయన వెంటనే గైడుతో, "టెల్ హిమ్, సోమశిల..." అని మొదలుపెట్టాడు. ఆ పిల్ల "సోమశిల" అని మా అన్నకు చెప్పేసి, పని అయిపోయిందనుకుని, ఒక మిఠాయి కొట్లోకి వెళ్లింది.

బయటికి వచ్చి చెక్కడబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది. లోపల గవ్వల్లా, చేపల్లా తెల్లటి మిఠాయిలు. దేంతో చేస్తారని అడిగాను. పైది గోధుమ పొర, లోపల కోడిగుడ్డు సొన, చక్కెర అంది. మా ఇళ్లలో గుడ్డు గుమ్మం దాటి లోపలికి రాదు. పడవ ఎక్కాక ఆడపిల్లలకు ఇద్దామనుకుని, పట్టుకొమ్మని డబ్బా మా ఆయనకు ఇచ్చాను. సంగతి చెప్పేలోపు పడవ వచ్చింది.

మా ఆయన ఫోటోలు తీస్తూ వెనకబడ్డాడు. అందరం ఎక్కి కూర్చున్నాక పడవవాడు లెక్క చూసి, ఆయనకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫుల్. నెక్స్ట్ బోట్, సర్."

ఆయన మొహం నాకు తెలుసు. గృహప్రవేశం రోజు ఆకు ముందు చూసిన మొహం అది.

మా అన్నకూ తెలుసు. చటుక్కున లేచి ఒడ్డుకు దిగాడు. "మేడమ్, టెల్ హిమ్, మై సీట్, సిట్" అన్నాడు. మా ఆయన, "టెల్ హిమ్, ఐ డోంట్ వాంట్ హిజ్ సీట్" అన్నాడు. "టెల్ హిమ్, ఫస్ట్ హిమ్, దెన్ మీ." "టెల్ హిమ్, నెవర్." గైడు పిల్ల పడవలో నిలబడి ఇటూ అటూ తిరిగి తిరిగి అలిసిపోయింది. వెనక ఇంకో పడవ హారన్ కొట్టింది. పడవవాడు ఇద్దర్నీ ఒడ్డునే వదిలేసి తాడు విప్పేశాడు. ఎక్కడికీ పోవద్దు, అక్కడే ఉండండి అని గైడు అరుస్తుండగా మేం కదిలిపోయాం.

నేను కాలవ మధ్యలో ఉన్నాను. పక్కన భర్త లేడు, అన్న లేడు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చిన్న చిన్న వంతెనల కింద నుంచి పోయాం. నీళ్ల మీద ఎండ పడుతోంది. ముసలావిడ నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, నా పెళ్లయ్యాక అంత హాయిగా ఎప్పుడూ లేను. ఏడుపు కూడా వచ్చింది. ఏడ్చాను, గాలికి అనుకున్నారు.

తిరిగి వచ్చేసరికి ఒడ్డున దృశ్యం ఇది. కాలవ గట్టు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు, మధ్యలో చెక్కడబ్బా. వాళ్ల ఎదురుగా, కోడిపుంజంత సముద్రపు పిట్ట ఒకటి, తెల్లగా, పొగరుగా నిలబడి ఉంది. నేను దిగి వెనగ్గా వెళ్లాను. వాళ్లు చూడలేదు.

మా అన్న పిట్టతో అంటున్నాడు: "ఆ పొద్దు నేను ఎంతసేపు ఆగినానో తెలుసా? పెద్దోళ్లు ఆకులు వేసెయ్యమన్నారు. నేనేం జేసేది?"

మా ఆయన అదే పిట్టతో: "ఫోన్ చేసుండొచ్చు గదా అని అడుగు. మర్రిపాడు రోడ్డు మీద ఎండలో నిలబడి ఉండా నేను."

"చేసినానని చెప్పు. సిగ్నల్ లేదు."

పిట్ట ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మా ఆయన ఒక గవ్వ నోట్లో వేసుకుని, ఇంకోటి పిట్టకు విసిరాడు. "పోనీ, రెండు ఓళిగలు ఎత్తిపెట్టి ఉండొచ్చు గదా."

మా అన్న డబ్బాలోంచి ఆఖరి చేప తీశాడు. "ఎత్తిపెట్టినా" అన్నాడు. "దేవుడి గదిలో పళ్లెం కింద. తెచ్చేలోపే ఆయన లేచిపోయినాడు."

ఆరేళ్లలో ఎన్ని మాటలు మోశాను! బస్తాల మాటలు, బండ్ల మాటలు, మంచినీళ్ల మాటలు. మోయాల్సిన ఒక్క మాటనూ నా చేతికి ఇవ్వలేదు. పిట్టకు ఇచ్చాడు.

అంతలో మా అన్న మళ్లీ, "నా చెల్లెల్ని నాలుగు రోజులు పంపమని చెప్పు" అన్నాడు. మా ఆయన, "నేను పంపనన్నానా? వాళ్లన్న పిలిచినాడా అని అడుగు" అన్నాడు. లోడు ఎవరు పంపాలో మాట్లాడుకున్నట్టే నా గురించీ మాట్లాడుకుంటున్నారు.

నేను ముందుకు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి పిట్టనే చూశాను. "చూడు పిట్టా, నన్ను ఎవురూ పంపనక్కర్లేదు, ఎవురూ పిలవనక్కర్లేదు. ఇంటికి పోయినాక వచ్చే ఆదివారం నేను ఉదయగిరి పోతుండా. ఎవరి మాటా మోసుకుపోను, మోసుకురాను. ఈ ఇద్దరికీ చెప్పు."

పిట్ట మా అన్న చేతిలోని చేపను తన్నుకుని ఎగిరిపోయింది.

రెండో బోటు వచ్చింది. ఇద్దరూ లేచి, ఒక్క మాట లేకుండా, దాంట్లోనే ఎక్కి ఒకే బల్ల మీద కూర్చున్నారు. గైడు పిల్ల నా పక్కన నిలబడి, మాట్లాడుకున్నారా అని అడిగింది. పిట్టతో అన్నాను. ఖాళీ డబ్బా చూసి, మిఠాయి నచ్చిందా అంది. నచ్చినట్టే ఉంది అన్నాను. అందులో ఏముందో వాళ్లకు ఇప్పటికీ చెప్పలేదు. ఇక్కడ రాసినా భయం లేదు, వాళ్లిద్దరూ సిమెంటు రేట్లు తప్ప ఏమీ చదవరు.

ఆ ఆదివారం పొద్దున ఉదయగిరి బస్సు ఎక్కాను. మా ఆయన బస్టాండు దాకా వచ్చి ఏదో చెప్పబోయి, నా మొహం చూసి, అరటిపళ్లు కొనిచ్చి పోయాడు. కొండ కనపడగానే నాకు ఆకలి మొదలైంది.

గుమ్మంలో మా అన్న. "బావ ఏమన్నాడు?"

"నీ కాడ ఫోన్ ఉండాది గదా. అడుగు."

వదిన ఓళిగలు చేసింది. మొదటి ఆకు నాకే వేసింది. తిని, చెయ్యి కడుక్కుని, హాల్లో చాప వేసుకుని పడుకున్నాను. కళ్లు మూతలు పడుతుండగా మా అన్న ఫోన్ తీశాడు. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎత్తినట్టున్నారు. ఎత్తాక ఇద్దరూ ఊరికే ఉన్నారు, వంటింట్లో కుక్కర్ రెండు కూతలు కూసేదాకా.

"బావా" అన్నాడు మా అన్న. "చెల్లెలు చేరింది."

అవతల నుంచి ఏదో వినపడింది.

"తినింది. నీకూ రెండు ఎత్తిపెట్టినా."

ఆ తర్వాత వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను నిద్రపోయాను.