సందులో బండ్లు నిలపరాదు

తమిళ ఊరైన ఉప్పళంలో మా ఇంటి ముందు గదిలో అమ్మ జాకెట్లు కుట్టేది. మా సందులో రెండు స్కూటర్లు నిలిపితే మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే. దీపావళి ముందు మాత్రం పొద్దున్నుంచే ఏడెనిమిది ఉండేవి.

ఒకరోజు మునిసిపాలిటీ నుంచి ఒకాయన వచ్చాడు. ఎవరో ఫిర్యాదు రాసిచ్చారట. ఇంట్లో కుట్టుకోవచ్చుగానీ, వచ్చేవాళ్ళ బండ్లు సందులో నిలపకూడదనీ, గుమ్మం దగ్గర గుంపు చేరకూడదనీ చెప్పాడు. ఇంకోసారి ఫిర్యాదు వస్తే నోటీసిస్తానన్నాడు. అమ్మ ముఖం వాడిపోయింది.

ఆ సాయంత్రం ఎదురింటి తాత వచ్చి గడప బయటే నిలబడ్డాడు. మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి.

"రాసిచ్చింది నేనేమ్మా."

"ఏంది మామా, ఎదురుగానే ఉండావే! నాకొక మాట చెప్పగూడదా?"

"మొన్న మీ అత్తను ఆస్పత్రికి తీసకపోయినాము గదా, ఆ పొద్దు ఆటో లోపలికి రాలేదు. రోడ్డుదాకా నడిపించుకుంటా పోయినాను. ఆ కోపంలో రాసేసినా. నీతో చెప్తే ఏడుస్తావని చెప్పలా."

అమ్మ అప్పుడూ ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, వెంటనే ఎదురింటికి వెళ్ళి తాత భార్య పక్కన చాలాసేపు కూర్చుంది.

మర్నాడు నా చేత అట్టమీద తమిళంలో రాయించి తలుపుకు కట్టింది. మా ఇంట్లో అప్పటికి తెలుగు రాయడం ఎవరికీ రాదు. బండ్లు రోడ్డు పక్కన పెట్టాలి, ఫోన్ చేసి రావాలి, ఒకసారికి ఇద్దరే. ఆ అట్టను ఒక్కరూ చదవలేదు. రెండు రోజులు చూసి, తాత కుర్చీ తెచ్చుకుని సందు మొదట్లో కూర్చున్నాడు. బండిని ఆయన తమిళంలోలాగే 'వండి' అంటాడు.

"జాకెట్‌కా? వండి ఆడ పెట్టు పాపా. లోపల ఇద్దరుండారు, కొంచెం ఆగు."

ఒకసారి మా పిన్నినీ ఆపేశాడు. "నేను ఆమె చెల్లెల్ని!" అని పిన్ని మొత్తుకుంటే, "చెల్లెలివైతే వండి చిన్నదైపోద్దా?" అన్నాడట. ఆ మాట చెప్పి అమ్మ వారం రోజులు నవ్వింది.

నోటీసు రాలేదు. పండగ అయిపోయింది, రద్దీ తగ్గింది. తాత మాత్రం కుర్చీ తీయలేదు. ఇంకెందుకు మామా అని అమ్మ అడిగితే, "పెండ్లిండ్లు వస్తుండాయి గదా" అన్నాడు.