తీసుకోని కవరు

మా అమ్మ తుంటిలో ఉన్నది ఏ కంపెనీదో నాలుగేళ్లపాటు మాకు తెలియదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. బోరు మోటారు కొంటే కంపెనీ పేరు అడుగుతాం, గ్యారంటీ కార్డు మీద షాపువాడి ముద్ర వేయించుకుని బియ్యం డబ్బాలో దాస్తాం. మనిషి ఒంట్లో పెట్టే వస్తువుకు మాత్రం దవాఖానవాళ్లు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసి వచ్చాం. చేసింది నేనే. అమ్మకు చదువు రాదు.

తొండుపల్లిలో మాకు మిగిలిన కొద్ది భూమిలో అమ్మ ఆకుకూర పండించేది. పాలకూర, మెంతి, కొత్తిమీర కోసి కట్టలు కట్టి పొద్దున్నే శంషాబాద్ పంపేది. ఆకుకూర పనంతా గొంతుక్కూర్చుని చేసేదే. యాభై నిండకముందే ఆమె తుంటి కీలు అరిగిపోయింది. 2009లో పట్నంలో ఒక పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయించాం. ఇంకా పనిచేసుకునే వయసు కాబట్టి గిన్నె, గుండు రెండూ లోహంతో చేసిన కొత్త రకం కీలు వేస్తానని, అది గట్టిగా ఉంటుందని డాక్టరు చెప్పాడు. గట్టి అన్న మాట అమ్మకు బాగా నచ్చింది. ఇంటికొచ్చాక చూడవచ్చిన వాళ్లందరికీ "నాకు ఫారిన్‌ది ఏసిండ్రు" అని గొప్పగా చెప్పుకుంది. ఎత్తుపీట మీద కూర్చుని మళ్లీ కొత్తిమీర కోసింది.

విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి మా ఊళ్లలో కాగితమంటే భయం. భూమి పోయిన ప్రతివాళ్లూ ఒకటే కథ చెప్పేవారు: నోటీసు వచ్చింది, తీసుకున్నాం, సంతకం పెట్టాం, భూమి పోయింది. మా వైపు ఇంకొంత పోతుందని అప్పట్లో ఒక మాట పుట్టింది. మా వాడకట్టులో డిగ్రీ చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. తుక్కుగూడలోని అత్తవారింటి నుంచి వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని అందరికీ చట్టం చెప్పేదాన్ని. నాకు తెలిసిన చట్టం ఎంతని? పేపర్లో చదివినంత. అమ్మకైతే మరీ నూరిపోశాను.

"రిజిస్టరు కవరొస్తే పట్టకు. సంతకం లేదు, వేలిముద్ర లేదు. నాకొద్దు అని చెప్పు, గంతే. కవరు మన చేతికి రానంతవరకు ఎవ్వడేం జెయ్యలేడు."

"గట్లనే బిడ్డా," అంది అమ్మ.

ఆ మాట చెబుతున్నప్పటి నా ధీమా తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

2011 ఎండాకాలంలో ఒకరోజు నేను వెళ్లేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"కవరొచ్చింది. తీస్కోలే!"

"ఏడికెళ్లి వచ్చింది?"

"ఏమో. ఇంగ్లీషుల ఉన్నదంట. పెద్ద కవరు, ఏమన్న పనిదేమో అక్కా, జర ఆలోచించు అన్నడు పోస్టాయన. పనిదైనా సరే నాకొద్దు, వాపస్ కొట్టు అన్న. ఇగ ఏం జేస్తడు, రాస్కొని పోయిండు."

నేను భళ్లున నవ్వాను. మా అమ్మ వకీలైంది అని ఇంటింటికీ చెప్పి ఏడిపించాను కూడా. ఎక్కడి నుంచి వచ్చిందో పోస్టాఫీసుకు వెళ్లి కనుక్కుందామని తట్టనే లేదు. భూమి గురించిన ఆ మాట కొన్నాళ్లకు దానంతటదే సద్దుమణిగింది. ఏ నోటీసూ రాలేదు. అది నా తెలివి వల్లే అనుకున్నాను.

మరుసటి ఏడు అమ్మకు తొడలో నొప్పి మొదలైంది. నడుస్తుంటే తుంటిలోంచి కిర్రుమని చప్పుడు వచ్చేది. "పాత తలుపు లెక్క మొత్తుకుంటున్నది" అని తనే నవ్వేది. శంషాబాద్‌లో గోలీలు రాయించాం, జండూబామ్ రాశాం, వయసు అనుకున్నాం. 2013కల్లా గోడ పట్టుకోకుండా నడవలేని స్థితి వచ్చింది. ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎక్స్‌రే చూసి, రక్తం పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గుండు గిన్నెలో ఒరుసుకుని లోహం రక్తంలో కలుస్తోంది, చుట్టూ ఎముక తింటోంది అన్నాడు. ఆలస్యమైనకొద్దీ మళ్లీ ఆపరేషన్ కష్టమవుతుందన్నాడు. ఏ కంపెనీదో కనుక్కోమని చెప్పి, తన అనుమానం నిజమైతే ఆ రకాన్ని కంపెనీ ఏనాడో మార్కెట్ నుంచి వాపసు తీసుకుందన్నాడు.

అమ్మ ఇదంతా విని అడిగింది.

"వాపస్ తీస్కున్నరా? మరి నాదెందుకు తీస్కోలే సారూ?"

డాక్టరు నా వైపు చూశాడు. నేను రిపోర్టు వైపు చూశాను.

మొదటి దవాఖానలో రికార్డుల గది కింది అంతస్తులో ఉంది. అక్కడి గుమాస్తా ఒకామె రెండు గంటలు వెతికి ఫైలు తెచ్చింది. అందులో ఒక కాగితానికి చిన్న స్టిక్కరు అంటించి ఉంది, కంపెనీ పేరు, నంబరు. డాక్టరు అనుమానపడ్డ కంపెనీయే. దాని వెనకాల గుండుసూది పెట్టి, దవాఖాన పంపగా తిరిగొచ్చిన ఒక పెద్ద కవరు, మా అమ్మ పేరు, మా ఊరు. మూల మీద ఎర్ర సిరాతో 'తీసుకొనుటకు నిరాకరించారు' అని పోస్టుమాన్ చేతిరాత.

అక్కడే నిలబడి చింపాను. మీకు అమర్చిన రకం కీలును కంపెనీ ఉపసంహరించుకుంటోంది, వెంటనే వచ్చి పరీక్షలు చేయించుకోండి, మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఆ ఖర్చు కంపెనీ భరిస్తుంది, ఫలానా తేదీలోగా పేరు నమోదు చేసుకోండి. ఆ తేదీ పోయి చాలా కాలమైంది.

"మీరే వద్దన్నారు కదమ్మా," అంది గుమాస్తా. ఆమె గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, కనీసం పోట్లాడేదాన్ని.

బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ, ఏంది అన్నట్టు చూసింది. ఆనాటి కవరు ఇదేనని చెప్పాను.

"భూమిది గాదా?"

"కాదమ్మా. నీ తుంటిది."

అమ్మ చీర కొంగు మడిచింది, విప్పింది. "మంచికే వచ్చినట్టుందే," అంది చివరికి. నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ఆరాంఘర్ చౌరస్తాలో ఒక వకీలు ఉన్నాడంటే వెళ్లాం. ఆఫీసు మేడ మీద. అమ్మ మెట్లు ఎక్కలేదని చెబితే కిందికి దిగి వచ్చి ఆటోలోనే మా ఎదురుగా కూర్చున్నాడు. కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. కంపెనీకి ఉత్తరం రాద్దాం కానీ గడువు దాటింది కాబట్టి ఒప్పుకుంటారని ఆశ పెట్టుకోవద్దన్నాడు. సివిల్ కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుందన్నాడు. మిగిలింది వినియోగదారుల ఫోరం. కంపెనీనీ దవాఖాననూ ఇద్దరినీ అక్కడికి లాగవచ్చు, కాకపోతే రెండేళ్లలోపు వెళ్లాలి.

"రెండేళ్లు ఎప్పటినుంచి సార్?" అన్నాను.

"అక్కడే ఉందమ్మా చిక్కు. జబ్బుకు కారణం తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టమని మనం అంటాం. కవరు వచ్చిన రోజు నుంచి అని వాళ్లంటారు."

"కవరు మేం తీసుకోనేలేదు కదా."

"వద్దని తిప్పి పంపితే అందినట్టే లెక్క. చట్టం అలాగే చూస్తుంది."

అరుగు మీద కూర్చుని ఏళ్ల తరబడి నేను ఊరందరికీ చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆటోలో ఉక్కపోసింది.

ఆలస్యాన్ని మన్నించమని ఒక ప్రమాణపత్రం పెట్టాలట, అందులో కవరు ఎందుకు వద్దన్నారో కారణం రాయాలట. ఆయన కాగితం మోకాలి మీద పెట్టుకుని అమ్మను అడిగాడు.

"ఎందుకు వద్దన్నారమ్మా? తీసుకోవద్దని మీకెవరైనా చెప్పారా?"

నేను చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఎవ్వరు జెప్పలే సారూ. నా అంతట నేనే అన్న. తెల్వక."

"మీ అమ్మాయి చదువుకుంది కదా. ఆమెను అడగలేదా?"

"ఆమె తుక్కుగూడల ఉంటది. ఆమెకు ఈ సంగతే తెల్వదు."

వకీలు తలూపాడు. అదే మంచిదన్నాడు. చదువుకున్న కూతురు చెప్పి వద్దనిపించిందంటే ఫోరం ఇంకో రకంగా చూస్తుందట. నేను నోరు మూసుకున్నాను. కేసు కోసమే ఊరుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను కానీ, నా లోపల కలిగింది మాత్రం హాయి. తప్పించుకున్నానన్న హాయి. అందుకే ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

వారం తర్వాత ఇంగ్లీషులో టైపు చేసిన ప్రమాణపత్రం ఇచ్చి, తెలుగులో అమ్మకు చదివి వినిపించమన్నారు. వినిపించాను. ఈమె నిరక్షరాస్యురాలు. ఈమెకు ఎవరూ సలహా చెప్పలేదు. తన అమాయకత్వం వల్ల కవరును తిప్పి పంపినది. అమ్మ తల ఒక పక్కకు వంచి, ఎవరో పరాయి మనిషి గురించి వింటున్నట్టు శ్రద్ధగా విని వేలిముద్ర వేసింది. దాని కింద, పై విషయాలు చదివి వినిపించిన వారి సంతకం అని ఒక గీత ఉంది. అక్కడ నేను పెట్టాను.

2014లో మూడుసార్లు తేదీ పడింది. ఫోరం పంపిన నోటీసు కంపెనీకి అందలేదు. వాళ్ల ఆఫీసు వేరే చోటికి మారిందట, కవరు రెండుసార్లు తిరిగొచ్చింది. మరి వాళ్లకు అందినట్టు లెక్క కాదా అని అడిగాను. చిరునామా మారడం వేరు, వద్దనడం వేరు అన్నాడు వకీలు. దవాఖాన తరఫు ఆయన ఇంకో వాయిదా అడిగి తీసుకున్నాడు. రెండో ఆపరేషన్‌కు డబ్బు లేక ఆగిన అమ్మ రెండు చేతికర్రల మీద బయటికి నడిచింది. ఆకుకూర మడులు ఆ ఏడు బీడు పెట్టేశాం.

మూడో తేదీ నాడు తిరిగి వస్తూ ఆటోలో అమ్మ నొప్పికి కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"బిడ్డా, కేసు పోతదా?"

"ఏమో అమ్మా. తెల్వదు."

"పోతే పోనియ్. ఆ కాయితంల నీ పేరు ఏడ రాలే గద?"

ఏడాదిగా ఆమె దాచుకున్న దిగులు అదని అప్పుడు తెలిసింది.

"రాలేదమ్మా," అన్నాను.