నాలుక ఎత్తి చూపే కురానిషి గారు

కురానిషి గారు ఏ మాత్ర మింగినా నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపిస్తారు. మాత్రను నాలుక కింద దాచలేదని అలా చూపడం, సగం జీవితం గడిపిన మానసిక వైద్యశాలలో అయిన అలవాటు. కాలేయ క్యాన్సర్ ముదిరాక, చివరి రోజులకని మా వార్డుకు పంపారు. కుడి డొక్క అదుముకుని వరండాలో తిరుగుతూనే ఉంటారు. స్లిప్పర్ల చప్పుడు ఆగదు. నొప్పిగా ఉందా అంటే, "అబ్బే, బుద్ధిగానే ఉన్నానండీ" అంటారు.

నిన్న బియ్యపు జావ తాగి కూడా నాలుక చూపించారు. నర్సు షియోమి నవ్వలేదు. "నొప్పుంటే చెప్పండి కురానిషి గారూ, మందిస్తాం."

"అక్కడ చెబితే గదిలో పెట్టి తాళం వేసేవారు."

ఆమె ఆయన్ని గది తలుపు దగ్గరికి తీసుకెళ్లింది. దానికి తాళం లేదు, గొళ్లెమూ లేదు. ఆయన రెండు వైపులా తడిమి చూశారు. మూశారు, తెరిచారు, మళ్లీ మూసి తెరిచారు.

"అయితే చెబుతాను," అన్నారు మెల్లగా. "వచ్చిన దగ్గర్నుంచీ కూర్చోనివ్వడం లేదమ్మా, నొప్పి."