నా దిక్కు తిరిగి మాట్లాడు

నిన్న షేక్‌పేట దగ్గర షేర్ ఆటో ఆగిపోయింది. ముందు వరుస కదలదు, వెనక హారన్లు ఆగవు. ఇలా కట్టేసినట్టు కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. దిగి నడిచిపోదామని కాలు బయటపెట్టబోతుంటే, పక్కనున్న ముసలావిడ సంచీలోంచి చిన్న సీసా తీసి మోకాళ్ళకు నీలగిరి తైలం రాసుకుంది. కాలు లోపలికి తీసుకున్నాను. ఆ వాసన తగిలితే చాలు, గ్రేసమ్మాంటీ పక్కనే ఉన్నట్టు ఉంటుంది నాకు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు.

తొంభైల మొదట్లో నేను గుంటూరు నుంచి గొంతొక్కటే నమ్ముకుని హైదరాబాదు వచ్చాను. జూబ్లీహిల్స్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో పని. తెరమీద సినిమా ముక్క ఒకటి మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది, దాన్ని లూప్ అనేవాళ్ళం. అందులోని అమ్మాయి పెదవులు ఎప్పుడు విడతాయో, ఎక్కడ ఊపిరి తీస్తుందో చూసుకుంటూ, చీకట్లో మైకు ముందు నిలబడి మాట అందించాలి. నాకు దొరికేవన్నీ పెళ్ళిపందిట్లో గుసగుసలు, పనిమనిషి ‘వస్తున్నానమ్మా’లు. తల కదిలితే గొంతు మైకుకు దూరమవుతుంది కాబట్టి, ఏడుపైనా నవ్వైనా ముఖం బిగబట్టి పలకడం అలవాటు చేసుకున్నాను. పని వచ్చింది గానీ కుదురు రాలేదు. నేను చేయాల్సింది ఇది కాదు, ఇంకేదో ఉంది, అదేమిటో తెలియకుండానే వయసైపోతుందేమో అని లోపల ఒకటే పీకులాట. గదులు మారుతూ మారుతూ చివరికి కృష్ణానగర్‌లో గ్రేసమ్మాంటీ మేడమీద దిగాను.

ఆవిడది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. నర్సు. మిషన్ ఆసుపత్రిలో సేవ చేయడానికి తనంతట తానే ఆఫ్రికాలోని జాంబియా వెళ్ళి, చాలాకాలం అక్కడే ఉండి, వినికిడి తగ్గిపోయాక తిరిగొచ్చింది. ఆవిడతో మాట్లాడాలంటే నాకు ప్రాణం విసిగేది. మెట్లెక్కుతూ ఏదో ఒకటి అనేసి పోవడానికి లేదు. “ఏంది బిడ్డా, మొకం అటు పెట్టి గొణుగుతున్నవ్? నా దిక్కు తిరిగి మాట్లాడు,” అనేది. దిగొచ్చి, ఆవిడకు నా పెదవులు కనబడేలా వెలుతురులో ఎదురుగా నిలబడి చెప్పాలి. నీళ్ళు వచ్చాయా అని అడగడానికి ఇంత తతంగమా అని ఒళ్ళు మండేది.

అసలు తమాషా ఆవిడ ప్రార్థన. పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని, తనలో తాను చేసుకుంటున్నాననుకునేది. సందంతా మోగేది. జూనియర్ ఆర్టిస్టులు పళ్ళు తోముకుంటూ గోడకానుకుని వినేవాళ్ళు. ఎవరికి వేషం దొరకాలో, ఎవరు తాగుడు మానాలో, దేవుడికీ మాకూ ఒకేసారి తెలిసిపోయేది. ఒకరోజు నా వంతు వచ్చింది.

“ప్రభువా, మ్యాడ మీది పిల్లకు కాలు నిలుస్తలేదు. గాడ జాంబియాల చెవుడు పిల్లల బడికి మనిషి కావాల్నంటున్నరు. జర దీన్ని తోలు తండ్రీ.”

సందంతా నవ్వింది. నేను రుసరుసలాడుతూ దిగి, ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

“నన్నడక్కుండా దేవుణ్ణి అడగడమేంటండీ?”

“నిన్నడిగితే వద్దంటవ్ గద.”

“గొంతు తప్ప నాకేం వచ్చు ఆంటీ? ఆ పిల్లలకు నా గొంతెందుకు?”

“పెదవులు సూసుడు వస్తది గద. పొద్దంత నువ్ చేసేది గదే,” అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బొంబాయి నుంచి వచ్చిన ఒక కొత్త హీరోయిన్‌కు నా గొంతు కుదిరింది. “ఇక ఆ అమ్మాయి ప్రతి సినిమాకీ నువ్వే. ఊరు మాత్రం కదలకూడదు,” అన్నాడు డబ్బింగ్ ఇన్‌ఛార్జి. నేను ఎన్నాళ్ళుగానో ఎదురుచూసింది ఆ మాట కోసమే. అయినా ఇంటికొచ్చి ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. గదిలో అటూ ఇటూ తిరిగాను. వెళ్తే ఆ మైకు ఇంకొకరిది అవుతుంది. ఉంటే ఈ పీకులాటతోనే బతకాలి. చివరికి ఏడాది సేవకు ఒప్పుకున్నాను. దాన్ని దేవుడి పిలుపు అనుకోలేదు. ఇక్కడి నుంచి కూడా పారిపోతున్నాననే అనుకున్నాను.

జాంబియాలో ఆ బడిలో మొదట్లో నా అవస్థ చెప్పతరం కాదు. గొంతులో ఎంత ప్రేమ పలికించగలనో అంతా పలికించాను. వచ్చిన ఇంగ్లీషులో కథ చెబుతూ పులిలా గాండ్రించాను, పిట్టలా కూశాను. ముఖం మాత్రం మైకు ముందు ఉన్నట్టే, చలనం లేదు. పిల్లలు కాసేపు మర్యాదకు చూసి, చేతులతో వాళ్ళ కబుర్లలో వాళ్ళు పడ్డారు. వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాను. ఆ విసురులోనే ఒకరోజు బోర్డువైపు తిరిగి రాస్తూ మాట్లాడుతుంటే, ఒక చిన్నపాప లేచొచ్చి, చెయ్యి పట్టి లాగి, నేను వంగగానే నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

అచ్చం గ్రేసమ్మాంటీ. నాకు ఏడుపు ఆగలేదు. దేశం కాని దేశంలో అదే మాట నాకు మళ్ళీ చెప్పిస్తున్నాడే అనిపించింది, మొదటిసారి దేవుడి మీద నమ్మకంతో. కిటికీ పక్కన, వెలుతురులో, నేలమీద చతికిలబడ్డాను. ఆ పాప పెదవులే నా లూప్ అనుకున్నాను. తను ఊపిరి తీస్తే నేనూ తీశాను. ‘బ’ అనే ఒక్క శబ్దం దగ్గర ఆ పూటంతా ఇద్దరం ఉండిపోయాం. బడి వదిలేశారు, అందరూ వెళ్ళిపోయారు. నాకు లేవాలనిపించలేదు.

ఏడాది తర్వాత తిరిగొచ్చేసరికి ఆ హీరోయిన్‌కు వేరే గొంతు స్థిరపడింది. గ్రేసమ్మాంటీకి ఉన్న కాస్త వినికిడీ పోయింది. మోకాళ్ళకు తైలం రాసుకుంటూ మంచం మీద కూర్చుని ఉంది. కుర్చీ లాక్కుని వెలుతురులోకి జరిగాను. గొంతు బయటకు రానివ్వలేదు, పెదవులతోనే చెప్పాను. “డబ్బింగ్ మానేస్తున్నాను ఆంటీ. ఇక్కడే, ఇలాంటి పిల్లలతోనే ఉంటాను.”

నా నోటి వంకే చూసి, చూసి, “గిప్పుడు మంచిగ ఇనవడ్డది,” అంది.

మర్నాడు పొద్దున్న సందంతటికీ వినబడేలా దేవుడికి థాంక్స్ చెప్పింది.

మధురానగర్‌లో ఒక చర్చి గదిలో వినబడని పిల్లలకు ఇప్పటికీ పాఠం చెబుతున్నాను. కుదురొచ్చిందంటే అబద్ధమే అవుతుంది. ఈ బస్సు కాదని ఆ ఆటో, ఆ ఆటో దిగి నడక, ఇప్పటికీ అంతే. ఒక పిల్ల ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రమే కాళ్ళు నా మాట వింటాయి.

ఆటో కదిలింది. ముసలావిడ సీసాకు మూత పెట్టుకుంటూ నన్నేదో అడిగింది. హారన్ల మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. ఆవిడ దిక్కు తిరిగి కూర్చున్నాను.