సీడీలో మిగిలిన ఖాళీ

ఖాళీ కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు కుట్టి కొత్త పుస్తకం చేస్తాను, జామ్ సీసాల్లో ఆవాలు పోస్తాను. ఆ గుణమే ఒకసారి నా కొంప ముంచింది.

అప్పుడు మేం ఢిల్లీలో, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి పదేళ్ళు. నేను తెలుగులో ఏది అడిగినా హిందీలోనే జవాబు. ఒక చలికాలపు ఆదివారం బాల్కనీ ఎండలో కమలాపండ్లు వలుస్తూ, అన్నం తిన్నావా అని అడిగితే "ఖా లియా మమ్మీ" అంది. ఎందుకో ఆ రోజు ఒళ్ళు మండిపోయింది.

"తిన్నానమ్మా అంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

"ముఝే తెలుగు కభీ ఆతీ హీ నహీ థీ."

"ఎప్పుడూ రానే రాదా? రెండేళ్ళప్పుడు వసపిట్టలా వాగేదానివే!"

"అచ్ఛా? ప్రూఫ్ దిఖావో."

ప్రూఫ్ లేకేం? మేం ఢిల్లీ వచ్చిన కొత్తలో పక్కింటి హిందీ ఆంటీ వాళ్ళాయన తన కెమెరాతో తీసిన వీడియో ఒక సీడీలో ఉంది. ఒక్కసారి చూసి బీరువాలో పెట్టేశాం. ఇంకో కాపీ లేదు. ఉత్సాహంగా తెచ్చి కంప్యూటర్లో పెట్టాను. అందులో మొన్న స్కూల్ ఫంక్షన్‌లో అది చేసిన డాన్స్ ఒక్కటే ఉంది. పాత వీడియో లేదు!

చేసింది నేనే. సీడీలో సగానికి పైగా ఖాళీ ఉంది కదా, ఎందుకు వృథా అని వారం కిందట ఆ డాన్స్ అందులో ఎక్కించాను. పాతదాన్ని కూడా కలపాలా అని మధ్యలో కంప్యూటర్ ఏదో ఇంగ్లీషులో అడిగింది. కొత్తావకాయలో పాతది కలిపితే రెండూ పాడవుతాయని మా అమ్మ అనేది. ఆ లెక్కన వద్దని నొక్కేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

దాని తెలుగు ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క చోటే. సీడీని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. లోపల ఒక రంగు చుట్టు, దాని పక్కన కాస్త తేడాగా ఇంకో చుట్టు, ఆ తర్వాతంతా నున్నటి ఖాళీ. తిప్పినకొద్దీ ఆకుపచ్చా ఊదా జారిపోతున్నాయి. ఆ లోపలి చుట్టులోనే ఎక్కడో అది ముద్దుముద్దుగా మాట్లాడుతోందనిపించింది. కింద పార్కులో ఎవరో పిల్లలు అరుస్తుంటే ఆ అరుపులు కూడా పొగమంచులోంచి వస్తున్నట్టు వినిపించాయి.

పై క్వార్టర్లో రాయలసీమ ఆవిడ ఉండేది, ఆఫీసులో కంప్యూటర్ల పని. ఆవిడ దగ్గరికి పరిగెత్తాను, వెనకాలే అమ్మాయి. ఆవిడ సీడీ చూసి నవ్వింది.

"యాడికీ పోలేదు లేక్కా. దీంట్లో ఒకతూరి రాసింది చెరిగిపోదు. నువ్వు పాతది కలపొద్దన్న్యావు, అందుకే కంప్యూటర్ చివర రాసింది మాత్రమే చూపిస్తాంది. ఉండు, ముందుది తీస్తా."

ఆవిడ ఏవో రెండు వరుసల్లో మొదటిది ఎంచుకుంది. డ్రైవ్ గిర్రున తిరిగింది. స్క్రీన్ మీద కిటికీ, వాన, స్టూలెక్కిన మా బంగారుకొండ.

"అమ్మా! వాన పడుతోంది చూడూ!"

"విన్నావా?" అన్నాను గర్వంగా. అమ్మాయి కళ్ళింతలు చేసుకుని చూస్తోంది.

వీడియోలో నా గొంతు వినిపించింది, వయసులో ఉన్న గొంతు. "వాన కాదు బేటా, బారిష్ బోలో. ఆంటీ సున్ రహీ హై నా?"

"వాన."

"నహీ, బారిష్."

పిల్ల వేలు కిటికీ మీదనుంచి కిందికి దిగింది. నావైపు, ఆంటీవైపు చూసింది.

"వానమ్మా..."

"బారిష్! రేపు స్కూల్లో అందరూ నవ్వుతారు."

కాసేపటికి చిన్నగా, "బాలిష్" అంది.

గది నిండా చప్పట్లు. ఆంటీ కొట్టింది, మావారు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.