నా సుద్దగీత, మా అన్న కత్తెర

మా షాపులో అద్దం పక్కన ఒక తెల్లగుడ్డ వేలాడతా ఉంటుంది, చూసినారా? దాని అంచంతా వంకరటింకర. కొలతలియ్యను వచ్చిన ప్రతి ఒక్కరూ అదేంది మస్తానూ అని అడగడం, మా అన్న పక్కకి తిరిగి నవ్వుకోవడం, రోజూ ఇదే పనైపోయింది. ఇంకొకరి నోటి నుంచి వినేకంటే నేనే చెప్పేస్తా, కూర్చోండి. టీ వస్తా ఉంది. పరువు ఎట్టాగూ పోయింది.

అల్లూరు బజార్లో మా అన్నదమ్ములిద్దరిదీ ఒకటే టైలరు షాపు. కటింగ్ ఖాదరన్నది, కుట్టేది నేను. ఇరవై ఏళ్లుగా ఇంతే. అన్న కత్తెర పెట్టినాడంటే మళ్లీ సవరించే పనుండదు. అట్టాంటి మనిషికి పోయినేడు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడిచేతి బొటనవేలు మాత్రం రాలేదు. కత్తెర పిడిలోకి దూరుద్ది, కదలదు. అంతే, మనిషి నవ్వడం మానేసినాడు. పొద్దన్నే షాపుకొచ్చి గోడ పక్కకి తిరిగి కూర్చునేవాడు. అది చూస్తా ఉంటే నాకు మిషన్ తొక్కబుద్ధయ్యేది కాదు.

నెల్లూరులో అన్నని చూసే డాక్టరమ్మ ఒకరోజు కొత్త సంగతి చెప్పింది. తల మీద ఒక కాయిల్ పెట్టి అయస్కాంతం దెబ్బలు కొడతారంట. కోత లేదు, సూది లేదు. ఆ దెబ్బకి పుర్రె కింద నరాల కణాల్లో సన్నగా కరెంటు పుట్టి, అవి మేలుకుని కిందికి కబురు పంపిస్తాయంట. రోజూ అట్టా కొట్టి, ఆ వెంటనే చేతికి వ్యాయామం చేయిస్తే కొందరికి పట్టు తిరిగొస్తుందంట. అందరికీ వస్తుందని మాట ఇవ్వలేనని కూడా ముందే చెప్పింది.

అన్నది ఒకటే మాట. "తలలో కరెంటు పెట్టించుకుని, మిషన్ ఆడించినట్టల్లా ఆడేదానికి నేనేమన్నా బొమ్మనా?"

నెలరోజులు బతిమలాడినా, వినలేదు. అలిగినా, వినలేదు. నాకూ పంతం వచ్చేసింది. ఏమైనా సరే మా అన్నని ఆ కుర్చీలో కూర్చోబెట్టాల్సిందే అనుకున్నా. ఆఖరికి మా పని మాటే పట్టుకున్నా. ఖరీదైన గుడ్డ మీద అన్న నేరుగా కత్తెర పెట్టడు, ముందు ఒక రఫ్ గుడ్డ మీద వేసి చూసుకుంటాడు.

"అయితే ముందు నేను కూర్చుంటానన్నా. నేనే రఫ్ గుడ్డ అనుకో. నా చెయ్యి నేను చెప్తేనే కదులుద్ది గాని మిషన్ చెప్తే కదలదు. నీ కళ్లతోనే చూద్దువుగాని," అన్నా. ఆ మాటకి సరే పోదాం పద అన్నాడు. నా నోరు అంత పని చేసింది.

డాక్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. మా అన్న ముఖం చూసి మనసు మార్చుకుంది. నాకు ఎప్పుడన్నా ఫిట్స్ వచ్చినాయా, తలలో ఏమన్నా ప్లేటుందా, గుండెకి బ్యాటరీ పెట్టినారా అని అన్నీ అడిగి, ఊరికే చూపించేదానికి నాలుగైదు దెబ్బలు కొడతాననింది. ఒంటి మీద ఇనుముండే వస్తువులన్నీ తీసేయమనింది. వాచీ, తాళాలు, ఫోను, బెల్టు తీసినా. అయిపోయిందా అంటే అయిపోయిందన్నా. అన్న వెనక నుంచి "కాలరు" అన్నాడు. చూస్తే కాలరుకి దారంతో సహా మూడు సూదులు! మాకు సూది ఒంటి మీదుంటే ఉన్నట్టే తెలవదు. తర్వాత జేబులోంచి దారం చుట్టిన రెండు బాబిన్లు, హుక్కుల పొట్లం, చొక్కా అంచుకి గుచ్చిన గుండుసూదులు, ఎప్పుడో పోయిందనుకున్న చిన్న కత్తెర వచ్చినాయి. ట్రే నిండిపోయింది. ఫ్యాన్సీ షాపు మొత్తం వచ్చేసిందా అని నర్సమ్మ అడిగింది.

కాయిల్ తెచ్చినారు. పక్కపక్కన రెండు రింగులు, అచ్చం కత్తెర పిడి. పుట్టినకాడ్నుంచి చూస్తుండేదే కదా, దీనికా భయం అనుకున్నా.

చెయ్యి వదులుగా పెట్టుకోమనింది డాక్టరమ్మ. ఊరికే పెట్టుకుంటే నా మాట రుజువయ్యేదెట్టా? సంచిలోంచి తెల్లగుడ్డ ముక్క తీసి అట్ట మీద పరిచినా. గీతలు గీసుకునే నీలం సుద్దబిళ్ల పట్టుకున్నా. మీరు కొట్టండి మేడమ్, నేను గీస్తా ఉంటా, నూలుపోగంత కూడా వంకరపోదన్నా.

"వేళ్లు బిగించకండి మస్తాన్ గారూ. మీరు బిగించే కొద్దీ ఆ కణాలు ముందే సిద్ధమై కూర్చుంటాయి. అప్పుడు చిన్న దెబ్బకే చెయ్యి ఎక్కువ ఎగురుతుంది."

ఎవరు వినేది?

టక్‌మనింది. ఏం కాలేదు. ఇంకోసారి టక్. ఏం కాలేదు. ఎడమచేత్తో మీసం తిప్పి అన్నని చూసినా. డాక్టరమ్మ కాయిల్ కొంచెం జరిపి, కొంచెం పెంచింది. టక్. నా బొటనవేలు ఎవరో దారం కట్టి లాగినట్టు ఎగిరింది. గీతకి కొక్కెం పడింది. ఫ్యాన్ గాలికి అన్నా. ఆ గదిలో ఫ్యానే లేదు.

అన్న కనుబొమలు ముడిపడినాయి. నాకు రోషం వచ్చింది. పళ్లు బిగించి, ఉండే బలమంతా వేళ్లలోకి తెచ్చినా. టక్. గీత జానెడు పైకి పోయింది. ఇంకా బిగించినా. టక్. సుద్దబిళ్ల ఫట్‌మని విరిగి, సగం ముక్క ఎగిరిపోయి పక్క టేబుల్ మీదుండే డాక్టరమ్మ టీ కప్పులో పడింది.

మిషన్ ఆడించినట్టు ఆడతామని అన్న దేనికి భయపడినాడో, అదే చేసి చూపించినా. ఇంకెందుకు వస్తాడు ఈ కుర్చీ దగ్గరికి? చేతులారా చెడగొట్టినా కదా దేవుడా అనుకుంటా తల వంచుకున్నా.

వెనక నుంచి ఎవరో దగ్గుతున్నారనుకున్నా. దగ్గు కాదు. అన్న! కడుపు పట్టుకుని, కళ్లెంబడి నీళ్లు కారతా నవ్వతా ఉండాడు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. నాకు సిగ్గు, ఏడుపు ఒకేసారి వచ్చినాయి.

"లేరా, నన్ను కూర్చోనీ," అన్నాడు. "కదలనని మొండికేసిన నీ వేలినే కదిలించిందంటే, కదలమని నేను మొత్తుకుంటా ఉండే వేలిని కదిలించదా?"

అన్న కూర్చున్నాడు. శానాసేపు ఏం కాలేదు. తర్వాత ఒక దెబ్బకి బొటనవేలు రవ్వంత అదిరింది. అంతే, బియ్యపు గింజంత కదలిక. అన్న ఆ వేలినే చూస్తా ఉండిపోయినాడు. ఆరోజు నుంచి వారాల తరబడి రోజూ బస్సెక్కి నెల్లూరు పోయినాం. దెబ్బలయినాక బట్టల క్లిప్పులు నొక్కడం, రబ్బరు బంతి పిసకడం. విసుక్కుంటాడేమో అనుకున్నా గాని ఒక్కరోజు మానలేదు. వంకాయంత మొండితనం నాదైతే గుమ్మడికాయంత ఆయనది.

పోయిన నెల ఒకరోజు పొద్దన షాపు తీయంగానే అన్న ఆ తెల్లగుడ్డ తీసి బల్ల మీద పరిచినాడు. కత్తెర పిడిలో బొటనవేలు దూర్చి, నేను గీసిన గీత మీద పెట్టినాడు. చెయ్యి వణకతా ఉంది. ఒక్కో కోతకీ ఆగి ఊపిరి పీల్చుకుంటా ఉండాడు. నేను మిషన్ మీద కూర్చుని కదల్లేదు. గుడ్డ చివరిదాకా కోసేసినాడు.

చూస్తే అంచు ఘోరంగా ఉంది. ఓదారుద్దామని పోయి, వంకరైతే ఏమన్నా, ముందు ముందు అదే తిన్నగా వస్తుంది అన్నా.

కత్తెర పక్కన పెట్టి నన్ను కిందికీ మీదికీ చూసినాడు.

"నేను గీత మీదనే కోసినాను. వంకర నీది."

అని, సుత్తి తీసి ఆ గుడ్డని గోడకి మేకేసి కొట్టినాడు, అదీ కుడిచేత్తోనే. ఇప్పుడు అడిగిన ప్రతి ఒక్కరికీ అది మా తమ్ముడు గీసిన తిన్నని గీత అని చెప్తా ఉండాడు. ఊరంతా నవ్వినా సరే, దాన్ని దించమని నేను అడగను.